గిన్నె తెచ్చుకుంటేనే పార్సిల్

“ఇవాళ ఏదో ఒకటి జరుగుతుందయ్యా. ఒక కన్ను అదిరితే ఏదో అనుకోవచ్చు. పొద్దున్నుంచి రెండు కళ్ళూ అదురుతున్నాయి. రెండూ అదిరితే ఏమనుకోవాలి?” అంది ఇన్నమ్మ.

“నిద్ర చాలలేదనుకోవాలి,” అన్నాడు సలోమోను వేపపుల్ల నములుతూ.

నూజివీడు నుంచి హనుమాన్ జంక్షన్ వెళ్ళే రోడ్డు వారన శ్రీధర్ గారి మామిడితోటకి సలోమోను కాపలాదారు. తోటలోనే రేకుల ఇల్లు. ఇంటి ముందు గడ్డివామి, నాలుగు మేకలు, ఒక్కగానొక్క కూతురు అక్షయ, వీటన్నిటి చుట్టూ ఇన్నమ్మ భయాలు. గాలి వీస్తే కాయ రాలుతుందని భయం, వీయకపోతే పురుగు పడుతుందని భయం. కూతురు ఫోను చూస్తే కళ్ళు పోతాయని భయం, చూడకపోతే సంబంధాలు పోతాయని భయం. అక్షయ శ్రీధర్ గారి తరఫున ఆ ఫోనులోనే ఊరూరా ఆర్డర్లు తీసుకుని, చిన్న రసాలను గడ్డి వేసిన పెట్టెల్లో సర్ది బస్సుల్లో పంపుతుంది. డిగ్రీ చదివిన పిల్ల. నోరు కూడా డిగ్రీ చదివింది.

ఆ రోజు ఇన్నమ్మ కళ్ళు ఊరికే అదరలేదు. మధ్యాహ్నానికి చుక్కమేక కడుపు డోలులా ఉబ్బిపోయి, కాళ్ళు చాపేసింది.

పశువుల డాక్టరు భవాని గారు వచ్చి కడుపు కోసి, లోపలి నుంచి ఒక ముద్ద తీశారు. కవర్లు, కవర్లు, ఇంకా కవర్లు. మధ్యలో వెండిరంగు కాగితం, రెండు ప్లాస్టిక్ స్పూన్లు.

“రోడ్డు పక్క మేసే జీవాలన్నిటికీ ఇదే జబ్బమ్మా,” అన్నారావిడ చేతులు కడుక్కుంటూ. “మసాలా వాసనకి కవరుతో సహా మింగేస్తాయి. ఇది అదృష్టవంతురాలు, సమయానికి పిలిచారు.”

అక్షయ ఆ ముద్దని బకెట్లో వేసుకుని రోడ్డెక్కింది.

“ఒసే, ఆగవే! చీకటి పడుతోంది! ఎవర్ని ఏం చేస్తావే?” అంటూ ఇన్నమ్మ చెప్పులు కూడా లేకుండా వెనకాల పరుగెత్తింది. పిల్ల పోలీసుస్టేషనులో కూర్చున్నట్టు, తను గేటు దగ్గర ఏడుస్తున్నట్టు అప్పుడే కళ్ళ ముందు కనబడిపోయింది.

తోట మలుపులోనే పాల్ రాజు ఫాస్ట్‌ఫుడ్ బండి. మంట పైకి లేస్తోంది, గరిటె టకటకలాడుతోంది. ఆటోవాళ్ళు, కాలేజీ కుర్రాళ్ళు ప్లేట్లు పట్టుకుని నిలబడ్డారు.

“చెప్పండి మేడమ్. హాఫా, ఫుల్లా?” అన్నాడు పాల్ రాజు తలెత్తకుండానే.

“ఫుల్,” అని అక్షయ బకెట్టెత్తి బల్ల మీద బోర్లించింది.

గరిటె ఆగింది. తినేవాళ్ళ నోళ్ళూ ఆగాయి.

“ఇదేంటండీ?”

“నీ ఫ్రైడ్‌రైసే. మా మేక తింది. దానికి నచ్చలేదంట, తిరిగిచ్చెయ్యమంది.”

పాల్ రాజు ఆ ముద్దని చూశాడు, ఆ అమ్మాయిని చూశాడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. చేతుల నిండా నూనె చిట్లిన మచ్చలు.

“ముందు మేక ఎలా ఉందండీ?”

తిట్టడానికి బోలెడంత సరంజామాతో వచ్చిన అక్షయ ఈ ప్రశ్న ఊహించలేదు. “కుట్లు వేశారు... బతుకుతుందన్నారు.”

“హమ్మయ్య.”

“హమ్మయ్యేంటి హమ్మయ్య? చచ్చిపోయుంటే?”

“అవుననుకోండి. కానీ ఈ రోడ్డు పొడుగునా ఇలాంటి బళ్ళు ఎన్నో ఉన్నాయండీ. ఇవి నావేనని...”

అంతలో సలోమోను రొప్పుకుంటూ వచ్చి ఇన్నమ్మ పక్కన నిలబడ్డాడు. పాల్ రాజు ఆయన వైపు చూశాడు. ఆయన లుంగీ సర్దుకుంటూ ఆకాశం వైపు చూశాడు. పాల్ రాజు మాట మధ్యలోనే ఆగిపోయింది.

“నావేనండీ,” అన్నాడు. “కవర్లు నావే. తప్పైపోయింది.”

ఇన్నమ్మ తెల్లబోయింది. ఇన్నేళ్ళ కాపురంలో అడగ్గానే తప్పు ఒప్పుకున్న మొగాణ్ణి ఆవిడ చూడలేదు. ఇందులో ఏదో మోసం ఉంది. ఏమిటో మాత్రం అంతుపట్టలేదు.

*

మర్నాడు సాయంత్రం అక్షయ మళ్ళీ బయల్దేరింది.

“మళ్ళీ ఎక్కడికే?”

“నిన్న సగమే తిట్టానమ్మా. మిగతాది ఉండిపోయింది.”

ఆ మిగతాది ఆ రోజుతోనూ అయిపోలేదు. తర్వాత రోజుతోనూ అవలేదు. రోజూ పెట్టెలు బస్సెక్కించడం, ముఖం కడుక్కోవడం, బండి దగ్గరికి వెళ్ళి గొడవ పడి రావడం. ఇన్నమ్మకి బుర్ర తిరిగిపోయింది.

“తిట్టడానికి వెళ్ళేదానివి తల దువ్వుకుని వెళ్ళాలా?”

“చింపిరి జుట్టుతో తిడితే లెక్కచేయరమ్మా.”

“ఆ మల్లెపూలెందుకు?”

“చెట్టున రాలిపోతున్నాయని.”

ఇన్నమ్మ మనసాగక ఒకరోజు వెనకాలే వెళ్ళి, రోడ్డుకి దగ్గరగా ఉన్న కలెక్టరు మామిడిచెట్టు చాటున నక్కింది. అక్కణ్ణుంచి అన్నీ వినబడతాయి.

“ఆ నూనేంటి అంత నల్లగా ఉంది? ఎప్పటిది?” అంటోంది అక్షయ.

“నిన్నటిదండీ.”

“నిన్న అడిగినా నిన్నటిదే అన్నావ్.”

“నిన్న అడిగినప్పుడు అది మొన్నటిదవుతుంది కదండీ.”

“నా దగ్గర లెక్కలు చెప్పకు. పారబొయ్యి.”

“అలాగేనండీ.” గిన్నె ఎత్తాడు.

“ఆగు! ఎక్కడ పారబోస్తావ్? మా తోట కాలవలోనా?”

“మరేం చెయ్యమంటారండీ? తాగెయ్యమంటారా?”

అక్షయ ముఖం పక్కకి తిప్పుకుంది. నవ్వాపుకోవడానికని చెట్టు చాటున ఉన్న తల్లికి తెలిసిపోయింది. ఆ నవ్వు చూసి పాల్ రాజు గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. వెనక పెనంలో ఎవరిదో గుడ్డు మాడిపోతోంది.

“అటు చూడు,” అంది అక్షయ గొంతు సవరించుకుని, రోడ్డుకి అవతలి వైపు చూపిస్తూ. “అది రసాల తోట. కొట్టేసి పామాయిల్ వేశారు. మామిడైతే పూత నుంచి కోత దాకా ఊళ్ళో ఆడవాళ్ళందరికీ పని. కాయ కొయ్యాలి, ఏరాలి, గడ్డి వెయ్యాలి, సర్దాలి. ఆ గెలలకేం కావాలి? కొడవలి పట్టుకుని ఇద్దరు మొగాళ్ళు వస్తే చాలు. ఆ నూనె ఎక్కడికి పోతుందో తెలుసా? నీ పెనంలోకి. మా చెట్లని నువ్వు ఇక్కడ వేయించి అమ్ముతున్నావ్.”

పాల్ రాజు గరిటె కింద పెట్టాడు.

“ఆ పని పోయిన ఆడవాళ్ళే ఇప్పుడు బాపులపాడు అవతల రొయ్యల షెడ్డుల్లో పనికి పోతున్నారండీ. పొద్దుపోయాక ఇక్కడే ఆటో దిగుతారు. నిలబడే ఓపిక కూడా ఉండదు. ఇంటికెళ్ళి పొయ్యి ముట్టించలేక, నా దగ్గర రెండు పార్సిళ్ళు కట్టించుకుని పోతారు. పిల్లలకదే అన్నం. అది మంచి తిండి కాదని నాకూ తెలుసండీ. మంచి నూనె వాడి రేటు పెంచితే వాళ్ళు ఆ పూట ఏం తినాలో కూడా మీరే చెప్పండి.”

అక్షయ ఇంటి వైపు తిరిగింది.

“రేపు చెప్తా,” అంది.

“తప్పకుండా రండి,” అన్నాడు వాడు.

ఇన్నమ్మ చెట్టు చాటు నుంచి వెనక్కి వచ్చేసింది. వీళ్ళు పోట్లాడుకుంటున్నారా, మాట్లాడుకుంటున్నారా? పోట్లాటైతే ఆపాలి. మాటలైతే ఇంకా త్వరగా ఆపాలి. ఏదో తేలకుండా ఏది ఆపడం?

*

ఆ వారంలోనే బండికి ఒక అట్టముక్క వేలాడింది. దాని మీద పెద్ద అక్షరాలతో: “గిన్నె తెచ్చుకుంటేనే పార్సిల్. కవర్లు లేవు.” ప్లేట్లు పోయి బాదం ఆకుల విస్తళ్ళు వచ్చాయి. కాలేజీ కుర్రాళ్ళు ఫోటోలు తీసుకున్నారు. ఆటోవాళ్ళు సణుక్కుంటూ అవతల బండికి పోయారు. షెడ్డుల నుంచి వచ్చే ఆడవాళ్ళు మాత్రం టిఫిను డబ్బాలు తీశారు. పొద్దున్న అన్నం పట్టుకెళ్ళిన డబ్బాలు ఎలాగూ చేతిలోనే ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే ఇన్నమ్మ ఇంట్లో స్టీలు డబ్బా ఒకటి వింతగా ప్రవర్తించడం మొదలుపెట్టింది. సాయంత్రమైతే అలమరలో ఉండదు. తెల్లారేసరికి ఉంటుంది. ఇన్నమ్మ ఎప్పుడూ బోర్లిస్తుంది, అదేమో వెల్లకిలా ఉంటోంది.

మూత తీసి వాసన చూసింది. బండి వాసన.

వాడు డబ్బాలో పెట్టి తన పిల్లకి తిండి పంపుతున్నాడు. ఉత్త తిండేనా? అందులో మందు పెట్టాడేమో! లేకపోతే రోజూ తిట్టే పిల్ల తిరిగొచ్చేటప్పుడు ఆ నవ్వేమిటి, ఆ పూలేమిటి?

“నిజం చెప్పవే. దీంట్లో వాడు నీకేం పెట్టి పంపుతున్నాడు?”

అక్షయ డబ్బా అందుకుని వాసన చూసింది. “నాకెవరూ ఏమీ పంపలేదు.”

“జపమాల మీద ఒట్టెయ్యి.”

“ఒట్టెందుకు? సాయంత్రం ఇద్దరం ఇక్కడే కూర్చుందాం. డబ్బా ఎటు పోతుందో చూద్దాం.”

పొద్దు వాలుతుండగా తల్లీకూతుళ్ళు మేకల పాక వెనక కూర్చున్నారు. డబ్బా ఇంట్లోంచి సలోమోను తువ్వాలు కింద బయటికి వెళ్ళింది. కాసేపటికి అదే తువ్వాలు కింద తిరిగొచ్చింది. గడ్డివామి వెనక్కి మళ్ళింది. మూత తీసిన చప్పుడైంది.

“నువ్వా!” అని అరిచింది ఇన్నమ్మ.

సలోమోను నోటినిండా నూడుల్సు. మింగితే గొంతులో అడ్డం పడేలా ఉంది, ఉమ్మితే మనసొప్పేలా లేదు. చేతిలో డబ్బా మాత్రం గట్టిగా పట్టుకున్నాడు.

“ఏం చెయ్యమంటావే? ఉప్పు లేని చారు, కారం లేని కూర. నాకు బీపీ లేదు మొర్రో అంటే, వస్తుందేమోనంటావు. రాత్రంతా తోట చుట్టూ తిరగాలి నేను. ఆ చప్పిడి మెతుకులతో కాళ్ళు నడుస్తాయా?”

“ఇది తింటే పోతావయ్యా! గుండె నాళాలు మూసుకుపోతాయంట!”

“అమ్మా, ఉండు,” అంది అక్షయ. “నాన్నా, ఈ గిన్నె మొన్నమొన్నటి సంగతి. అంతకు ముందు దేంట్లో తెచ్చుకునేవాడివి?”

సలోమోను డబ్బాలోకి చూశాడు.

“కవర్లో.”

“తిన్నాక ఆ కవరు ఏం చేసేవాడివి?”

“ఇంట్లో వేస్తే మీ అమ్మ చూస్తుందని... కంచె అవతలకి విసిరేసేవాణ్ణి. గాలి ఇటు తోలితే నేనేం చేసేదమ్మా?”

పాకలో చుక్కమేక కుట్లని నాక్కుంటోంది. ముగ్గురూ దాని వైపు చూశారు.

“ఆ అబ్బాయికి తెలుసా?” అంది అక్షయ.

“తెలియకేం. రోజూ కట్టిచ్చేది తనే కదా.”

అక్షయ లేచి లోపలికి పోయింది.

*

ఆ రోజు నుంచీ అక్షయ పెట్టెలు సర్దుతుంది, బస్సెక్కిస్తుంది, వచ్చి గోడ వైపు తిరిగి పడుకుంటుంది. బండి వైపు పోదు. తండ్రితో మాట లేదు, తల్లితో ఒకటీ అరా. మల్లెపూలు చెట్టు కిందే రాలిపోతున్నాయి.

పిల్ల బండి దగ్గరికి పోవడం మానేసిందంటే ఇన్నమ్మ సంతోషించాలి. సంతోషం రాలేదు సరికదా, అన్నం కూడా సయించలేదు.

“పోనీ ఒక్కసారి వెళ్ళి తిట్టిరావే,” అంది చివరికి. “నీకు కాస్త తేలిగ్గా ఉంటుంది.”

“ఎవర్ని తిట్టనమ్మా? తిట్టాల్సింది ఎవరినో కూడా తెలీకుండా ఊరందరి ముందూ బకెట్టు బోర్లించి వచ్చా. నేను రోజూ అరుస్తుంటే, లోపల నవ్వుకుంటూ వింటూ నిలబడ్డాడు. పిచ్చిదాన్ని చేశాడు నన్ను.”

ఆ సాయంత్రం ఇన్నమ్మే బండి దగ్గరికి వెళ్ళింది. దారంతా ఏం అడగాలో అనుకుంటూ వెళ్ళింది. తీరా వెళ్ళాక వేరేది అడిగింది.

“ఊళ్ళో అందర్నీ పిన్నీ బాబాయీ అంటావు కదా. మమ్మల్ని మాత్రం అత్తయ్యా మావయ్యా అంటున్నావంట, ఆయన చెప్పాడు. ఏంటి సంగతి?”

పాల్ రాజు మంట తగ్గించాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

“అలవాటైపోయిందండీ.”

“ఎప్పట్నుంచి?”

“బకెట్టు దగ్గర్నుంచి.”

ఇన్నమ్మకి కోపం తెచ్చుకోవాలని ఉంది. సమయానికి అది రాలేదు. “కవర్లు మా ఆయనవని ఆ రోజే ఎందుకు చెప్పలేదు?”

“పడేసింది మావయ్యే అనుకోండి, కట్టిచ్చింది నేనే కదండీ. అదీగాక ఆ రోజు ఆయన ముఖం చూస్తే చెప్పబుద్ధి కాలేదు. మర్నాడు చెబుదామనుకున్నా. మర్నాడు ఆవిడ మళ్ళీ వచ్చారు.” గరిటె తిప్పుతూ ఆగాడు. “చెప్పేస్తే ఇంక రారు కదండీ.”

“ఈ మాట నాకు చెప్పి ఏం లాభం? దానికి చెప్పు.”

అనేశాక ఇన్నమ్మ నాలుక కరుచుకుంది. వద్దని చెప్పడానికి వెళ్ళి, రమ్మని చెప్పి వచ్చింది.

*

తొలకరి ఆ ఆదివారం మధ్యాహ్నం మామిడాకుల మీద నుంచి ఒక్కసారిగా దిగింది. రేకుల మీద చప్పుడుకి పక్కమనిషి మాట వినబడటం లేదు. ఆ వానలో ఒకే గొడుగు కింద ఇద్దరు వచ్చారు. గొడుగు మొత్తం తల్లి మీదే పట్టినందువల్ల పాల్ రాజు కొత్త చొక్కా ఒంటికి అతుక్కుపోయింది.

తల్లి పేరు జోజమ్మ. కూర్చోగానే దగ్గింది.

“కంగారుపడకండమ్మా, అంటుకునే దగ్గు కాదు,” అంది. “మొన్నటిదాకా బండి దగ్గర నేనూ నిలబడేదాన్ని. ఆ పొగకి పట్టింది. మావాడికి మీ అమ్మాయంటే ఇష్టమంట. అడగడానికి వచ్చాం.”

సలోమోను ఇన్నమ్మ వైపు చూశాడు. ఇన్నమ్మ అప్పటికే మొదలుపెట్టింది.

“గ్యాసు బండ పేలితే? రోడ్డు పక్కన బండి, లారీ అదుపు తప్పితే? మీకు పట్టిన దగ్గు నా పిల్లకీ పడితే? ఇప్పుడు వ్యాపారం సగమే ఉందంటున్నారు, అది కూడా పోతే?”

“సగమే అత్తయ్యా, అబద్ధమాడను,” అన్నాడు పాల్ రాజు. నీళ్ళు కారుతున్నాయని గుమ్మంలోనే నిలబడ్డాడు. “మధ్యాహ్నం పూట రాలుకాయలతో మామిడికాయ పులిహోర చేస్తున్నా. షెడ్డుకి పోయేవాళ్ళు సాయంత్రానికని పొద్దున్నే ఇంకో డబ్బా ఇచ్చి పోతున్నారు. ఫ్రైడ్‌రైసు పూర్తిగా మానలేదు, మానితే ఇల్లు గడవదు. నూనె మాత్రం ఏ పూటది ఆ పూటే. ఇంకా ఏం చెయ్యాలో నాకు తెలీదు. ఆవిడ ‘రేపు చెప్తా’ అని వెళ్ళారు. చెప్పకుండానే ఉండిపోయారు.”

అక్షయ పెట్టెలో గడ్డి పరుస్తోంది. తల ఎత్తలేదు.

“మీరు తిట్టినవన్నీ నిజాలే అక్షయ గారూ,” అన్నాడు వాడు. “నేను నవ్వుకోలేదు. మావయ్య సంగతి దాచింది ఆయన కోసమని అత్తయ్యకి చెప్పా. అది మొదటి రోజు వరకే. తర్వాతంతా నాకోసమే దాచా. మీరు రోజూ రావాలని. అది తప్పు. దానికి కూడా మీరు తిట్టొచ్చు.”

రేకుల మీద వాన ఇంకా జోరందుకుంది.

“ఇద్దరికీ ఇష్టమైతే ఫాదర్ గారితో చెబుతాం,” అంది జోజమ్మ. “మూడాదివారాలు పూజలో పేర్లు చదువుతారు. ఈ పెళ్ళికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పుకోమంటారు. లేదంటే పెళ్ళే.”

“మూడాదివారాలే! ఎవరైనా లేచి చెబితే?” అంది ఇన్నమ్మ.

ఎవరూ ఆవిడ మాట పట్టించుకోలేదు. అందరూ అక్షయ వైపే చూస్తున్నారు.

అక్షయ ఒక కాయ తీసి గడ్డిలో పెట్టింది. ఇంకో కాయ పెట్టింది. వరస నిండింది. దాని మీద మళ్ళీ గడ్డి పరిచింది. పాల్ రాజు గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. వాడి కాళ్ళ దగ్గర నీళ్ళు మడుగు కట్టి మెల్లగా ఇంట్లోకి పాకుతున్నాయి. సలోమోను ఏదో అనబోయి, తనకి ఆ హక్కు ఇంకా తిరిగి రాలేదని గుర్తొచ్చి మానుకున్నాడు.

ఇన్నమ్మ జపమాల పట్టుకుంది కానీ ఏమని ప్రార్థించాలో తెలియలేదు. ఔనంటే పొగ, మంట, లారీలు. కాదంటే గోడ వైపు తిరిగి పడుకున్న పిల్ల. రెండు భయాలనీ పక్కపక్కన పెట్టి చూసుకుంది. రెండోది పెద్దదిగా కనబడింది. అలా కనబడుతుందని ఆవిడ అనుకోలేదు.

“అడిగింది వినబడలేదేమో పిల్లకి, వానలో,” అంది జోజమ్మ నెమ్మదిగా.

వినబడింది. అక్షయ పెట్టె మూత వేసి, తాడు బిగించి, ముడి మీద చెయ్యి ఉంచి కూర్చుంది. వాన కాస్త తెరిపిచ్చింది. చూరు నుంచి కారే చుక్కలు విడివిడిగా వినబడసాగాయి.

“చదివించండి,” అంది అప్పుడు, గుమ్మం వైపు చూస్తూ. “అభ్యంతరం ఉన్నవాళ్ళు ఉంటే చెప్పుకోనివ్వండి. నాకైతే లేదు.”